పసుపు వాక్యాలు

చిలోయే దీవిలో వాన మొదలవదు, ఆగదు.
ఉంటుంది, అంతే.
మూడూ పదికి కరెంటు తిరిగొచ్చింది.
సాల్మన్ పిల్లల్ని పెంచే షెడ్డులో, మెట్ల కింది గదిలో
పాత కంప్యూటరు ఒళ్లు విరుచుకుని లేచింది.

లేవడమంటే అదొక్కటీ లేస్తే చాలదు.
గడియారం లేవాలి, నెట్‌వర్క్ లేవాలి,
పంపుల సర్వీసు, దీపాల సర్వీసు,
తొట్లలో ఆక్సిజన్ కొలిచి, తగ్గితే వాల్వు తిప్పే సర్వీసు.
ఎవరి వెనక ఎవరు లేవాలో ఒక ఫైలులో ఉంటుంది.
రాసినవాడు బౌదిలియో.
ఇప్పుడు పుంటా అరేనాస్‌లో టాక్సీ నడుపుతున్నాడట.

నా భాషలో పసుపు శుభం.
ఆ తెర మీద పసుపు ఎవరూ చదవని రంగు.
పదకొండు వాక్యాలు చీమల్లా పైకి పాకిపోయాయి.
"ఈ మాట పాతబడింది."
"ఈ దారి వచ్చే వెర్షన్‌లో ఉండదు."
"ఇరవై రెండో వరుసలో పదం తెలియలేదు, వదిలేస్తున్నాను."
ఆఖర్న పచ్చగా: సిద్ధం.

రాత్రి డ్యూటీ ఎదెల్మీరా మిల్యాలోంకోది.
నాలుగు చలికాలాలుగా అవే పదకొండు.
రోజూ చూసే గోడ మీద చెమ్మ మరకని
ఎవరు చదువుతారు?
కెటిల్ పెట్టుకుంది.

తెలియని ఆ పదంలో ఒక్క అక్షరం ఎక్కువ.
"పడిపోతే మళ్లీ లేపు" అని చెప్పాల్సిన వరుస అది.
ఆక్సిజన్ సర్వీసు సెన్సరు కన్నా ముందే లేచింది,
చీకట్లో తడిమింది,
చెయ్యి అందించేవాళ్లు లేక పడిపోయింది.
లేపమని ఎవరికీ ఆజ్ఞ లేదు.

తెర చెప్పలేదు. తొట్టి చెప్పింది.
ఏడో తొట్టిలో నీళ్ల చప్పుడు మారింది,
అన్నం ఉడుకుతున్నట్టు చిన్న చిన్న బుడగలు.
వేల నోళ్లు పైకి తేలి గాలిని అడుగుతున్నాయి.
ఆమె పరిగెత్తింది, ఒక కాలికి బూటు లేదు,
వాల్వు చేత్తో తిప్పింది.

తెల్లవారాక, మొదటిసారి, పదకొండూ చదివింది.

యంత్రం అబద్ధమాడలేదు.
చెప్పింది.
రేపెవరైనా అడిగితే చెప్పానని అనడానికి చెప్పింది.

అలాగని అర్థంకాని చోటల్లా మొండికేస్తే?
పోయినేడు కెయోన్‌లో చెల్లెలి వరస ఫ్రెసియా వాళ్ల షెడ్డులో
ఒక్క కామా తప్పైతే మొత్తం లేవనంది,
దీపాలు కూడా.
దీపాలకీ ఆ కామాకీ ఏ సంబంధమూ లేదు.

ఎదెల్మీరా చదువుకున్నది పడవ ఇంజన్ల పని.
అయినా నీళ్లు పిండిన మేజోడు చేతిలో పట్టుకుని
ఆ కంప్యూటరుతో వాదించింది:
రాసేవాడి వేలు ఇంకా మీట మీద ఉండగానే అడగాల్సింది,
"ఈ మాట నాకు రాదు, ఏమంటున్నావు?" అని.
తొమ్మిదేళ్ల తర్వాత, అర్ధరాత్రి, నన్ను కాదు.
పాతబడిన మాటనీ ప్రాణం తీసే మాటనీ
ఒకే రంగులో ఎలా చెబుతావు?
"వదిలేస్తున్నాను" అంటావా?
"ఈ రాత్రి ఇది పడితే లేపేవాళ్లు లేరు" అను.
అప్పుడు కెటిల్ పెట్టుకోను కదా.
పచ్చరంగు అప్పుడే వేయకు. ఆగు.

తెర మినుకుమంది. అది జవాబు కాదు.

ఫైలు తెరిచింది. ఇరవై రెండో వరుస.
దాని పక్కనే బౌదిలియో రాసుకున్న మాట:
"తర్వాత చూడాలి."
అతనికి తెలుసన్నమాట.
తిట్టడానికి నోరు తెరిచి, మూసుకుంది.
తన వంటింటి తలుపు గడియ గుర్తొచ్చింది,
రెండేళ్లుగా తర్వాతే.

అదనపు అక్షరం చెరిపింది.
మళ్లీ లేపితే పది పసుపు వాక్యాలు.
అవెవరివో, ఎప్పటివో.

చచ్చినవాటిని బకెట్లోకి లెక్కపెట్టి,
చెయ్యి తుడుచుకుని వచ్చి
అతని మాట కింద ఒక వరుస చేర్చింది:
"చూశాను. ఏడో తొట్టి. రెండు వందల పద్నాలుగు. ఎ. మి."